నేను కంప్యూటర్‌లో చేసిన తాళాల మోత

నేను శబ్దాలు తయారు చేస్తానని తెలిసిన రోజు మా కార్ఖానాలో అందరూ పడీ పడీ నవ్వారు. "ఈడ మోత సాల్తలేదా, ఇంటికాడ గూడ తయారు చేస్తున్నవ్?" అని నా పక్క సాంచాలు నడిపే అన్న అడిగాడు. అడిగాడంటే గొంతుతో కాదు. మరమగ్గాలను మేం సాంచాలంటాం. అవి నడుస్తున్నంతసేపూ మా దగ్గర గొంతుతో పని లేదు, చెవి దగ్గరికొచ్చి అరిచినా వినబడదు. పెదాలు కదిలిస్తాం, వేళ్ళు ఆడిస్తాం. రెండు వేళ్ళు కత్తెరలా ఆడిస్తే పోగు తెగిందని, బొటనవేలు నోటి దగ్గర పెడితే చాయ్‌కి పోదామని, పొట్ట మీద చెయ్యి తిప్పితే సేఠ్ వస్తున్నాడని. తెలుగే కాదు, హిందీ, గుజరాతీ, ఒడియా తిట్లు కూడా పెదాల మీద చదివేస్తాం. అందుకే మా దగ్గర ఎవరూ వెనకాల తిట్టుకోరు, తిడితే తెలిసిపోతుంది.

మాది సూరత్‌లో గోడాదరా. మా నాయిన సిరిసిల్ల దిక్కు నుంచి వచ్చి ఇక్కడ సాంచాలు పట్టాడు. నేను ఇక్కడే పుట్టాను, పదో తరగతి తప్పాను, నేనూ అవే పట్టాను. గల్లీ అంతా మావాళ్ళే. కొత్తవాళ్ళెవరైనా గల్లీలోకి వస్తే ఇంటింటా తగాదా నడుస్తోందనుకుంటారు. తగాదా కాదు, ఏం కూర వండినవని అడుగుతున్నారు, అంతే. టీవీలు కూడా అట్లాగే మోగుతాయి. పెళ్ళైన కొత్తలో అత్తగారింటికి పోతే వాళ్ళ పక్కింటావిడ, "అల్లుడు గట్ల ఒర్లుతున్నడేంది, ఏమన్న తక్కువ చేసిన్రా?" అని మా అత్తను అడిగిందట. మా ఆవిడ ఇప్పటికీ అది చెప్పి నవ్వుతుంది. ఇప్పుడు తనూ నాలాగే ఒర్లుతుంది. అది అలవాటనుకున్నాం. మనిషికి ఊరిని బట్టి, పనిని బట్టి గొంతు వస్తుందనుకున్నాం.

ఇక శబ్దాల సంగతి. నా చిన్నప్పుడు మా మేనమామ మస్కట్‌లో పనిచేసి తిరిగి వచ్చేటప్పుడు నాకొక కంప్యూటర్ తెచ్చాడు. పాతకాలంలో అక్కడి ఇళ్ళలో పిల్లలు ఆడుకునే రకం. మీటల పలకే మొత్తం కంప్యూటర్. దానికి తెర ఉండదు, టీవీకి తగిలించాలి. ఆటలు క్యాసెట్ల మీద వచ్చేవి. నాలుగు రోజులు గల్లీలో నా దర్జా చూడాలి! తర్వాత క్యాసెట్ టేపు నలిగిపోయింది, కంప్యూటర్ సజ్జ ఎక్కింది, నేను కార్ఖానా ఎక్కాను. చాలా ఏళ్ళ తర్వాత ఒక దీపావళికి ఇల్లు దులుపుతుంటే అది కిందికి దిగింది. కాలిపోయి ఉంటుందిలే అనుకుంటూనే టీవీకి తగిలించాను. నీలం తెర వచ్చింది. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఎందుకో నాకే తెలియదు.

ఆ పాత కంప్యూటర్ లోపల మోత పుట్టించే చిన్న చిప్పు ఒకటి ఉంటుంది. దాని కోసం లోకంలో ఎక్కడెక్కడివాళ్ళో ఇప్పటికీ కొత్త సాఫ్ట్‌వేర్ రాస్తున్నారని ఫోన్‌లో వెతుకుతుంటే తెలిసింది. ఊరికే ఇస్తారు. దాన్ని ఫోన్‌లోకి దించుకుని, క్యాసెట్ పెట్టాల్సిన చోట ఫోన్ వైరు గుచ్చితే కీచుమంటూ కంప్యూటర్‌లోకి ఎక్కుతుంది. ఎక్కాక తెర మీద గళ్ళ కాగితం వంటిది వస్తుంది, అందులో చుక్కలు పైకీ కిందికీ జరపాలి. ఏ గీత గీస్తే ఆ మోత. చీర అంచుకు డిజైను గళ్ళల్లో ఎట్లా దించుతారో నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను కాబట్టి ఆ తెర నాకు కొత్త అనిపించలేదు. ఒక మోతను ఇంకో మోతతో ఢీకొట్టిస్తే కంచు పలుకు వస్తుంది. దాని మొదట్లో కొంచెం గర్రుమనే ధ్వని కలిపితే దెబ్బ పడ్డట్టుంటుంది. ఇవన్నీ నాకెవరూ చెప్పలేదు. రోజూ కార్ఖానా నుంచి వచ్చి అన్నం తిని ఆ పెట్టె ముందు కూర్చుని, చెడగొట్టుకుంటూ నేర్చుకున్నాను.

"ఏందయ్యా, గా పెట్టె ముందట కూసుంటే కడుపు నిండుతదా?" అని మా ఆవిడ మొదట్లో సతాయించేది. తనూ కార్ఖానాలోనే కండెలు చుట్టే పని చేస్తుంది. ఒళ్ళు హూనమై ఇంటికొచ్చేసరికి మొగుడు టీవీలో చుక్కలు జరుపుకుంటూ కూర్చుంటే ఎవరికి మండదు? కానీ నా మనసులో ఉన్నది ఒక్కటే. ఎట్లాగైనా సాంచాల నుంచి బయటపడాలి. మా నాయిన వాటి మధ్యే నిలబడి నిలబడి పోయాడు. పోయే ముందు రెండేళ్ళు మేం ఏం చెప్పినా "ఆ? ఆ?" అనడం తప్ప మాట కలపలేకపోయాడు. నాకు అట్లా పోవాలని లేదు. కార్ఖానా బయట కూడు పెట్టగల పని నాకు తెలిసింది ఈ మోతలు చేయడం ఒక్కటే. ఇదే మాట మా ఆవిడతో చెప్పాను, మర్నాటి నుంచి తను సతాయించడం మానేసింది.

సూరత్‌లో మోతలకు గిరాకీ ఎప్పుడంటే నవరాత్రికి. గర్బా ఆడించే ఆర్కెస్ట్రాలు ఇక్కడ వీధికొకటి. ఢోలు, కీబోర్డు, పాటగాళ్ళు, వీళ్ళతోపాటు శాంప్లర్ వాయించేవాడొకడు ఉంటాడు. శాంప్లర్ అంటే ఏ చప్పుడు వినిపించినా పట్టి దాచుకుని, మీట నొక్కితే తిరిగి పలికే పెట్టె. అట్లా ఒక ఆర్కెస్ట్రాలో ఏళ్ళ తరబడి వాయించిన గుజరాతీ ముసలాయన దగ్గర పాత శాంప్లర్ ఉందని తెలిసి పోయాను. ఫ్లాపీలు వేసే రకం, సగం ఫ్లాపీలు బూజు పట్టాయి. "నాకు చేతులు వణుకుతున్నాయి, ఇక వాయించలేను, నువ్వు తీసుకో" అన్నాడాయన హిందీలో. అన్నాక నా మొహం కేసి చూసి, "మా భాయ్‌కి నా బదులు మనిషి కావాలి. నీ దగ్గర కొత్త మోతలుంటే చెప్పు, నేను మాట్లాడతాను" అన్నాడు. భాయ్ అంటే ఆ ఆర్కెస్ట్రా యజమాని. ఏడాదంతా పెళ్ళిళ్ళు, నవరాత్రికి పెద్ద మైదానం. ఆ శాంప్లర్‌ను ఒళ్ళో పెట్టుకుని ఆటోలో ఇంటికొస్తుంటే నాకు గాల్లో తేలుతున్నట్టుంది.

గర్బాకు తాళాలు కావాలి. మనం భజనలో వాయించే కంచు తాళాలే, వాళ్ళు మంజీరా అంటారు. మొదట అసలు తాళాలనే పట్టి శాంప్లర్‌లో పెడదామని మా గల్లీ భజన మండలి నుంచి ఒక జత అడిగి తెచ్చాను. పెట్టి వింటే మొద్దుగా, రెండు చెక్క ముక్కలు తగిలినట్టు టక్ టక్ అంది. ఛీ, ఇదేం కంచు అని తిరిగిచ్చేశాను. నా కంప్యూటర్‌లోనే తాళాలు చేయడం మొదలుపెట్టాను. చేస్తూ, శాంప్లర్‌లోకి ఎక్కిస్తూ, కీచుగా, సన్నగా పలికే పై మోతను పెంచుతూ పోయాను. ఎంత పెంచినా ఇంకా కొంచెం ఖణేల్‌మనాలి అనిపించేది. చివరికొక రోజు, అబ్బ, నా చిన్నప్పుడు మా నాయిన నన్ను భుజాల మీద ఎక్కించుకుని భజనకు తీసుకుపోయినప్పుడు విన్న తాళాలు విన్నట్టే విన్నాను. మా ఆవిడను పిలిచి వినిపించాను. "గిది తాళమంటే!" అంది.

మా పాప మాత్రం ఆ పెట్టె పెట్టగానే చెవులు మూసుకుని బయటికి పరుగెత్తేది. రెండో తరగతి చదువుతోంది. "పప్పా, బంద్ కరో, చుభ్తా హై" అని ఏడ్చేది. గుచ్చుకుంటోందట! మోత గుచ్చుకోవడమేమిటి? "పోరికి అన్నీ నఖరాలే, హోంవర్కు తప్పించుకోనీకి" అని మా ఆవిడ ఒకటి అంటించబోయేది, నేను ఆపేవాణ్ణి.

ఆ ఏడు బతుకమ్మకు గల్లీ మధ్యలో టేబుల్ వేసి, శాంప్లర్ పెట్టి, అద్దె స్పీకర్లకు తగిలించాను. ఆడవాళ్ళు పాట ఎత్తుకోగానే నా తాళాలు అందుకున్నాయి. ఏం చెప్పమంటారు! చప్పట్లు మోతకు సరిగ్గా పడ్డాయి, పాట ఊపందుకుంది, మేడల మీది నుంచి జనం వంగి చూశారు. భజన మండలి పెద్దాయన వచ్చి నా వీపు తట్టి, "ఇన్నేండ్ల సంది తాళాలు కొడ్తున్న గని, గింత సాఫ్‌గ ఎన్నడు ఇనలేదు రా. అసలుదాని కన్న గిదే నయం" అన్నాడు. నేను ఉబ్బితబ్బిబ్బయ్యాను. గల్లీ మొత్తం ఒక్క మాట మీద మెచ్చుకున్నదంటే ఇక ఎవరేమంటారు? మర్నాడు కార్ఖానాలో నా పక్క సాంచాల అన్న వేళ్ళతో తాళం వేసి చూపించి, రెండు చేతులూ ఎత్తి మొక్కాడు.

తర్వాతి వానాకాలంలో ముసలాయన మాట మీద భాయ్ నుంచి పిలుపు వచ్చింది. నవరాత్రికి ముందే మనిషిని కుదుర్చుకోవాలి, వచ్చి వినిపించమని. అడాజణ్ దిక్కు ఒక అపార్ట్‌మెంటు కింద స్టూడియో. నేను ఆ పూట పనికి నాగా పెట్టాను. మా ఆవిడ నా చొక్కా ఇస్త్రీ చేసింది. ఫ్లాపీలను చీర ముక్కలో చుట్టి, శాంప్లర్‌ను దుప్పట్లో చుట్టి ఇచ్చింది. "జర నిమ్మలంగ మాట్లాడు. గట్టిగ ఒర్లకు, గాళ్ళు పెద్దోళ్ళు" అని చెప్పింది. ఇద్దరం పైకి అనలేదు గానీ మా బతుకు అటో ఇటో ఆ పూటే తేలుతుందని ఇద్దరికీ తెలుసు. కుదిరితే నెల తిరిగేసరికి కార్ఖానాకు దండం పెట్టేయొచ్చు.

స్టూడియోలో అద్దానికి ఇవతల నేను, అవతల భాయ్, సౌండ్ చూసే ఇంజనీరు. నా చెవులకూ వాళ్ళ చెవులకూ హెడ్‌ఫోన్లు. కానీయ్ అన్నట్టు భాయ్ చెయ్యి ఊపాడు. నేను మీట నొక్కాను. ఇంజనీరు హెడ్‌ఫోన్లు లాగి పారేసి చెవి పట్టుకున్నాడు. భాయ్ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. వాళ్ళ మిషిన్ ఏదో తప్పు పెట్టుకుని నా మోతను అంటారేమిటని, అద్దం లోంచి "మీ వాల్యూం తగ్గించుకోండి!" అని అరిచాను. నిమ్మళంగా మాట్లాడమని చెప్పి పంపిన ఆవిడ మాట అక్కడే గాలికి పోయింది.

ఇంజనీరు మంచివాడే. విసుక్కోకుండా ఇవతలికి వచ్చి, పై మోత చాలా ఎక్కువైంది, తగ్గిస్తాను, ఎక్కడ ఆపమంటావో చెప్పు అన్నాడు. వెనక్కి వెళ్ళి ఏదో తిప్పాడు. నా హెడ్‌ఫోన్లలో తాళాలు పలచబడ్డాయి, ఇంకా పలచబడ్డాయి, పోయాయి. "అంతా తీసేశారేంటి? తాళాలు మొత్తం బంద్ అయినయి" అన్నాను. బంద్ కాలేదు, మోగుతోంది, ఇప్పుడు బాగుంది అన్నాడతను మైకులో. "ఏం మోగుతోంది?" అన్నాను. నేను మీట నొక్కుతూనే ఉన్నాను. నా వేలి కింద మీట టక్కుమనడం తెలుస్తోంది, ఇంకేమీ లేదు. అద్దం అవతల భాయ్ మాత్రం తొడ మీద తాళం వేస్తున్నాడు.

కాసేపటికి వాళ్ళు మైకు కట్టేసి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంజనీరు తల అటు తిప్పాడు గానీ భాయ్ తిప్పలేదు. అద్దం మాటున ఉన్నాం కదా, ఇతనికేం వినబడుతుందిలే అనుకుని ఉంటాడు. ఆయన పెదాలు నాకు స్పష్టంగా కనబడ్డాయి. "ఆనే సంభళాతుం నథీ." ఇతనికి వినబడటం లేదు. అది సేఠ్‌ల నోటి మీద వేల మాటలు చదివిన కళ్ళతో చదివాను, తప్పు చదవడానికి ఆస్కారం లేదు.

భాయ్ బయటికి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఏ పని చేస్తావని అడిగాడు. చెప్పాను. ఎన్నాళ్ళ నుంచి అని అడగలేదు, తల ఊపాడు. మోతలు బాగున్నాయి, ఎక్కడా వినని రకం, వాటిని మా ఇంజనీరు సరిచేసుకుంటాడు, వాటికి ఇవ్వాల్సింది ఇస్తాను అన్నాడు. "లేకిన్ స్టేజ్ పే, భాయ్, కాన్ చాహియే." స్టేజీ మీద చెవులు కావాలి. చాలా మర్యాదగా అన్నాడు. మోతలు ఉంచుకున్నారు, మనిషిని వద్దన్నారు.

ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ గుమ్మంలోనే ఉంది. నా మొహం చూసి పక్కకు జరిగి దారి ఇచ్చింది. నేను దుప్పటి విప్పి, శాంప్లర్ పెట్టి, ఇంజనీరు సరిచేసి ఇచ్చిన ఫ్లాపీ వేశాను. "విను" అని మీట నొక్కాను. తను స్పీకర్‌కు చెవి ఆనించి, "ఏందయ్యా, మోగుతలేదు. గాళ్ళు ఖరాబ్ చేసి పంపిన్రా?" అంది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ లేదంది. అప్పుడు మూలన పలక మీద రాసుకుంటున్న పాప తల ఎత్తి, "హా, అబ్ అచ్ఛా హై పప్పా" అంది. చెవులు మూసుకోలేదు. బయటికి పరుగెత్తలేదు.

మా ఆవిడ తనే ఇంకోసారి మీట నొక్కింది. "అంటే నాగ్గూడనా?" అని అడిగింది. నేను అవునన్నట్టు చూశాను. తను వెళ్ళి పాపను దగ్గరికి తీసుకుని, "నేను నిన్ను ఉత్తగనే తిట్టిన బిడ్డా" అని తల నిమిరింది. పాపకు ఏం అర్థమైందో, తల్లిని వదిలించుకుని మళ్ళీ రాసుకోవడానికి పోయింది.

నాకు కోపం ఆగలేదు. ఆదివారం ఆ పెట్టెను, స్పీకర్‌ను పట్టుకుని గల్లీలోకి పోయాను. భజన మండలి పెద్దాయనకు వినిపించాను, ఇస్త్రీ బండి అన్నకు వినిపించాను, కార్ఖానా అన్నకు వినిపించాను. ఒక్కరికీ వినబడలేదు. స్పీకర్ పాడైందన్నారు, వైరు చూడమన్నారు, గట్టిగ పెట్టు తమ్మీ అన్నారు. ఇస్త్రీ బండి అన్న కూడా ఇంతకుముందు సాంచాల మీదే చేశాడు. ఎవరూ అబద్ధం చెప్పలేదు పోయిన బతుకమ్మకు. నిజంగానే అది వాళ్ళకు తాళాలంత ముద్దుగా వినబడింది. నాకు పోయినంత మేరే వాళ్ళకూ పోయింది, అందుకే నేను చేసింది గల్లీ కొలతకు సరిపోయింది. "మన చెవులు పోయినయే, అందరియి పోయినయి!" అని నడి గల్లీలో అరిచాను. పెద్దాయన నవ్వి, "అయితేంది రా, సాంచాలకు కండ్లు కావాలె గని చెవులెందుకు? గట్ల మనసుల పెట్టుకోకు" అన్నాడు. ఆయన్ను కొట్టాలనిపించింది. ఆయన కాళ్ళ మీద పడి ఏడవాలని కూడా అనిపించింది. ఏదీ చేయలేదు.

మా ఆవిడ పోరు పెడితే ఇద్దరం చెవుల డాక్టర్ దగ్గరికి పోయాం. పరీక్ష చేసే అమ్మాయి చిన్న గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికి మీట ఇచ్చింది. చప్పుడు వినబడితే నొక్కాలి. మొదట కొన్ని వినబడ్డాయి, నొక్కాను. తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. మిషిన్ నిలిచిపోయిందేమో, అమ్మాయి చాయ్‌కి పోయిందేమో అనుకుంటూ కూర్చున్నాను. తలుపు తీసుకుని ఆ అమ్మాయి వచ్చింది. "మిగతావి ఎప్పుడు మొదలుపెడతారు?" అని హిందీలో అడిగాను. అయిపోయిందండీ అంది. మా ఆవిడది కూడా అట్లాగే అయిపోయింది.

పోయింది తిరిగి రాదన్నాడు డాక్టర్. మందు లేదు, ఆపరేషన్ లేదు. ఉన్నది మిగలాలంటే ఆ పని మానేయండి అన్నాడు. మా ఆవిడ నా వైపు చూసింది, నేను గోడ వైపు చూశాను. మానేసి ఏం చేయాలో కూడా ఆయనే చెబితే బాగుండేది. చెవుల్లో పెట్టుకోమని రబ్బరు బిరడాలు ఇచ్చాడు. అవి పెట్టుకుని నిలబడితే సాంచె ఎక్కడ తప్పు తొక్కుతోందో ఆ మిగిలిన మోతైనా అందదు, బట్టలో గీతలు పడతాయి, సేఠ్ చేతిలో చీవాట్లు పడతాయి. వారం తిరక్కుండా ఇద్దరం తీసేశాం.

కంప్యూటర్ మళ్ళీ పెట్టుకుని కూర్చుందామని చూశాను. చుక్కలు పైకి జరిపాను, కిందికి జరిపాను. తెర మీద గీత మారుతోంది. ఆ మారడంలో నాకు వినబడేది ఎంత, వినబడనిది ఎంత అని ఆలోచించేసరికి చెయ్యి ఆడలేదు. ముందు నాకు ఆ మోతలన్నీ నావి అనిపించేవి. ఇప్పుడు నా మోతలను ఇతరులకు వినిపించి, ఎట్లా ఉందో చెప్పండి బాబూ అని అడుక్కోవాలి. పాపను అడగొచ్చు కదా అంది మా ఆవిడ. పాప ఎన్నాళ్ళు నా పక్కన కూర్చుని తన ఆట మానుకుంటుంది? దానికి దాని బతుకుంది. ఇద్దరమూ పొద్దున్నే కార్ఖానాకు పోతున్నాం, వస్తున్నాం. బడి లేని రోజు పాపను చూసుకునేవాళ్ళు లేక ఒకసారి మా ఆవిడ కార్ఖానాకు తీసుకొచ్చింది. పాప కండెల బుట్ట పక్కన కూర్చుని చెవులు మూసుకుంది. మధ్యాహ్నం వరకు మూసుకునే ఉంది. తర్వాత చేతులు నొప్పి పుట్టి కాబోలు వదిలేసి ఆడుకుంది. నేను పోగు కట్టడం ఆపి దాని వైపే చూస్తూ నిలబడ్డాను. ఆ సాయంత్రం ఇంటికి రాగానే, "ఇంకొక్కసారి దాన్ని ఆడికి తెచ్చినవో, నా అంత చెడ్డోడు ఉండడు" అన్నాను. "నేనేం మొక్కు మొక్కుకొని తెచ్చిన్నా? ఏడ పెట్టాలె దాన్ని, జర నువ్వే చెప్పు" అంది తను.

నవరాత్రి వచ్చింది. భాయ్ మాట తప్పే మనిషి కాదు, లోపలికి పోయే పాసులు పంపాడు. పోనని మొండికేశాను. పాప చన్యా చోళీ వేసుకుని, అద్దాల ఓణీ చుట్టుకుని తయారై కూర్చుంటే కాదనలేక బయలుదేరాను. బాగా చీకటి పడింది. మైదానం నిండా లైట్లు, గుండ్రంగా తిరిగే జనం. ఢోలు దెబ్బలు నా రొమ్ముకు తగులుతున్నాయి, పాటగాడి గొంతు వినబడుతోంది. స్టేజీ మీద, నేను నిలబడాల్సిన చోట, ఎవరో సన్నటివాడు శాంప్లర్ ముందు నిలబడి మీటలు నొక్కుతున్నాడు. వాడి వేళ్ళు పడుతున్న వరస చూసి, అవి తాళాలని గుర్తుపట్టాను.

"వస్తున్నయా?" అని పాపను అడిగాను. పాప చెవి అటు పెట్టి వింది. "హా పప్పా, ఆ రహా హై. మన ఇంట్ల మోగిందే" అంది. "ఎట్లుంది?" అన్నాను. "మస్తుంది" అంది. అంత జనం నా తాళాలకు చప్పట్లు వేస్తున్నారు. మంచి మోత చేశానని సంతోషపడాలో, అది నాకు తప్ప అందరికీ అందుతున్నందుకు నెత్తి కొట్టుకోవాలో తెలియలేదు. నా జన్మలో నేను బయటి లోకం కోసం చేసిన పని అదొక్కటే, దాన్ని నేను వినలేదు, ఇక వినను.

"బిడ్డా, తాళాలు ఆగినప్పుడు నాకు చెప్పు" అన్నాను. కనీసం ఎంతసేపు మోగిందో తెలుసుకుందామని. పాప సరేనని తల ఊపి మా ముందే రెండు చుట్లు తిరిగింది. ఇంతలో దాని బడి పిల్లలెవరో చెయ్యి పట్టుకుని లాగితే గుండ్రంలోకి పోయింది. మా ఆవిడ, నేను స్పీకర్ల వైపు చూస్తూ నిలబడ్డాం. పాట మారింది. స్టేజీ మీది మనిషికి, మాకు మధ్య జనం అడ్డం వచ్చారు, వాడి వేళ్ళు కూడా కనబడలేదు. "ఇంక మోగుతున్నదా?" అని మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని అడిగింది. పోరిని అడుగుదాం ఆగు అన్నాను. పిల్లల గుంపులో దాని ఓణీ మెరవడం కనబడుతూనే ఉంది. మాకు చెప్పాలన్న సంగతి పాప మరిచిపోయింది.